కిరాయి ఇంటికి విలువ కట్టడం, కిరాయిదారును ఎంచుకోవడం: వరంగల్, హనుమకొండల్లో ఎలా చేయాలి

హనుమకొండలో ఇల్లు అమ్మకానికి ఉందని చెప్పే మధ్యవర్తి ముందు గజం ధర చెబుతాడు, ఆ తర్వాత ఆ చుట్టుపక్కలకు ఏమేమి రాబోతున్నాయో చెబుతాడు, కిరాయి ఎంత వస్తుందని అడిగితే మాత్రం "ఇరవై ఐదు వేలకు తక్కువ రాదు సార్" అని ఒక ఉజ్జాయింపు లెక్క చెప్పి మాట మారుస్తాడు. కిరాయి కోసమే ఇల్లు కొనేవారు ఈ వరుసను తిరగేయాలి. ముందు కిరాయి, తర్వాత ఖర్చులు, ఆ తర్వాత ఇల్లు, కాగితాలు, అన్నిటికన్నా చివర ధర.

నేను హనుమకొండలో రెండు ఇళ్లలోని ఐదు పోర్షన్లను పదిహేనేళ్లుగా కిరాయికి ఇస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు వచ్చిన నష్టంలో ఎక్కువ భాగం ఖాళీగా పడి ఉన్న నెలల వల్ల, తొందరపడి తాళంచెవి చేతికిచ్చిన ఒకటి రెండు సందర్భాల వల్ల వచ్చింది. ఏడాదిలో ఎన్ని నెలలు కిరాయి సక్రమంగా చేతికి వస్తుందన్నదే కిరాయి ఇంటి విలువను నిర్ణయిస్తుంది కనుక, విలువ కట్టడాన్నీ కిరాయిదారును ఎంచుకోవడాన్నీ ఒకే పనిగా భావించి ఇక్కడ వివరిస్తున్నాను.

అసలు కిరాయి ఎంతో తెలుసుకోవడం

అమ్మేవారు చెప్పే కిరాయిని లెక్కలోకి తీసుకోకండి. ప్రస్తుతం ఇంట్లో ఉన్న కిరాయిదారు చూపించే ఒప్పందాన్ని కూడా ఒక్కదాన్నే నమ్మకండి, ఎందుకంటే అమ్మకానికి పెట్టే ముందు తెలిసినవారిని ఇంట్లో ఉంచి ఎక్కువ కిరాయి రాసిన కాగితం తయారు చేసుకోవడం అక్కడక్కడా జరుగుతున్న పనే. మీరు కొనాలనుకున్న ఇంటి నుంచి పది నిమిషాల నడక దూరంలో ఉన్న వీధులన్నీ తిరిగి, కనిపించిన ప్రతి టులెట్ బోర్డును ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఇంటికి వచ్చాక ఒక్కొక్కరికి ఫోన్ చేసి, కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎన్ని నెలలది, మీటరు వేరుగా ఉందా, నల్లా బిల్లు, మోటార్ కరెంటు ఎవరు కట్టాలి, ఇల్లు ఎప్పటి నుంచి ఖాళీగా ఉంది అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. పదిహేను రోజుల తర్వాత అదే దారిలో మళ్లీ నడవండి. ఇంకా వేలాడుతున్న బోర్డుల మీది కిరాయి, ఓనర్లు అడుగుతున్న కిరాయి మాత్రమే. బోర్డు దిగిపోయిన ఇళ్ల కిరాయే మీ లెక్కకు పనికివస్తుంది.

వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర కాసేపు నిలబడి మాట్లాడండి. ఏ ఇంట్లోకి ఎవరు వచ్చారు, ఎవరు ఎన్నాళ్లు ఉన్నారు, ఏ ఇంట్లో ఎవరూ నిలవరు అన్న సంగతి ఆయనకు తెలిసినంతగా ఏ మధ్యవర్తికీ తెలియదు.

తర్వాత, ఆ ప్రాంతంలో కిరాయికి వచ్చేది ఎవరో గుర్తించండి. కాజీపేట, ఫాతిమానగర్ వైపు రైల్వే ఉద్యోగులు, ఎన్ఐటీకి సంబంధించినవారు వస్తారు. ఎంజీఎం ఆసుపత్రి, కాకతీయ వైద్య కళాశాల చుట్టుపక్కల నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, వైద్య విద్యార్థులు ఇళ్లు వెతుకుతారు. నక్కలగుట్టలో విద్యుత్ సంస్థ ప్రధాన కార్యాలయం, సుబేదారిలో కోర్టులు, కలెక్టరేట్ ఉన్నందున అక్కడ ఉద్యోగి కుటుంబాలు ఎక్కువ. నయీంనగర్, కిషన్‌పుర వైపు విద్యార్థుల తాకిడి ఉంటే, ఎనుమాముల మార్కెట్ చుట్టూ వ్యాపారానికి, హమాలీ పనికి వచ్చిన కుటుంబాలు ఉంటాయి. ఒకే ఒక్క సంస్థ మీద ఆధారపడిన చోట విలువ కట్టేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గోదావరిఖని, భూపాలపల్లి వంటి బొగ్గు గనుల పట్టణాల్లో బదిలీల తీరు మారితే కిరాయి ఇళ్ల గిరాకీ కూడా మారుతుంది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లికి కార్యాలయాలు తరలడంతో, వాటిలో పనిచేసే ఉద్యోగుల్లో కొందరు వరంగల్, హనుమకొండల్లో ఇళ్లు ఖాళీ చేసి వెళ్లారు.

రాబోయే ప్రాజెక్టుల గురించి మధ్యవర్తులు చెప్పేవి చాలావరకు నిజాలే. మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. పాత సెంట్రల్ జైలు స్థలంలో పెద్ద ఆసుపత్రికి 2021లో, కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023లో శంకుస్థాపనలు జరిగాయి, గీసుగొండ–సంగెం మెగా టెక్స్‌టైల్ పార్కుకు అంతకుముందు 2017లోనే జరిగింది. అయితే శంకుస్థాపన జరిగిన రోజు నుంచి ఆ చుట్టుపక్కల భూమి ధర పెరుగుతుంది, కిరాయి మాత్రం ఉద్యోగాల్లో చేరినవారు సామాను లారీతో ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన రోజునే పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య పట్టే ఏళ్లను మీ జేబు మోయాలి కాబట్టి, రాబోయే కిరాయికి ఈ రోజే ధర చెల్లించకండి.

లెక్క వేయడం

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని సంఖ్యలు పద్ధతిని చూపడానికే, మీ వీధిలో మీరు సేకరించిన సంఖ్యలను వాటి స్థానంలో వేసుకోండి. 150 గజాల్లో కింద రెండు పోర్షన్లు, పైన ఒకటి ఉన్న పదిహేనేళ్ల నాటి ఇంటికి 75 లక్షలు అడుగుతున్నారనుకోండి. పోర్షన్లకు 9,000, 8,000, 6,000 చొప్పున నెలకు 23,000, ఏడాదికి 2,76,000 రూపాయలు కనిపిస్తున్నాయి.

ఇందులో నుంచి ఒక నెల కిరాయిని, అంటే 23,000ను, ఖాళీ కింద తీసేయండి. మన దగ్గర కుటుంబాలు ఇల్లు మారేది ఎక్కువగా బడులు తెరిచే ముందు, ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల వరకు. ఆషాఢంలోనో, పుష్యంలోనో ఖాళీ అయిన ఇంట్లోకి శూన్యమాసం దాటేదాకా చాలామంది అడుగు పెట్టరు, అడ్వాన్స్ ఇచ్చినా పాలు పొంగించేది మంచిరోజు చూసుకున్నాకే. దానికి తోడు సున్నాలు, చిన్న మరమ్మతులకు వారం పది రోజులు పడుతుంది. ఏడాదికి ఒక నెల ఖాళీ అనే లెక్క ఎవరికీ ఎక్కువ కాదు.

ఇంటి పన్నుకు 8,000, రంగులు, మరమ్మతులకు కిరాయిలో పదో వంతు చొప్పున సుమారు 27,000, మోటార్ రిపేరు, సంపు శుభ్రం, మెట్ల లైటు, మధ్యవర్తి కమిషన్ వంటి వాటికి 12,000 తీసేస్తే, మొత్తం ఖర్చులు 70,000 అవుతాయి, చేతిలో మిగిలేది 2,06,000 రూపాయలు. ఆదాయపు పన్ను విషయంలో మాత్రం కిరాయి ఆదాయానికి ఒక వెసులుబాటు ఉంది. మీరు కట్టిన ఇంటి పన్నును మినహాయించాక మిగిలిన దానిలో 30 శాతాన్ని, మరమ్మతులకు నిజంగా ఎంత ఖర్చయిందన్న దానితో సంబంధం లేకుండా, తీసివేసుకోవచ్చు.

ఇక పెట్టుబడి వైపు చూడండి. తెలంగాణలో 2021 జూలైలో చార్జీలు సవరించినప్పుడు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతానికి చేరాయి. పత్రంలో 75 లక్షలూ చూపితే అవి 5,62,500 అవుతాయి. ఇల్లు చేతికి వచ్చాక వెంటనే చేయించాల్సిన పనులకు 2 లక్షలు వేసుకుంటే మొత్తం పెట్టుబడి 82,62,500 రూపాయలు. దాని మీద 2,06,000 అంటే సుమారు 2.5 శాతం. బ్యాంకు డిపాజిట్ మీద వచ్చే వడ్డీకన్నా ఇది చాలా తక్కువ. పెట్టుబడికి కనీసం 3.5 శాతం నికర కిరాయి రావాలని మీరు నియమం పెట్టుకుంటే, ఇదే ఇంటికి మీరు ఇవ్వగలిగిన ధర దాదాపు 53 లక్షలు మాత్రమే అవుతుంది.

మిగిలిన 22 లక్షలు భూమి ధర పెరుగుతుందన్న ఆశకు మీరు చెల్లిస్తున్న మొత్తం. ఆ ఆశ తప్పని నేను అనడం లేదు, కానీ దాన్ని విడిగా చూడాలి. ఇంటి కట్టడానికి ఈ రోజు చదరపు అడుగుకు అయ్యే ఖర్చు తెలుసుకుని, వయసును బట్టి తరుగు తీసివేసి, మిగిలిన ధరను గజాలతో భాగించండి. 1,800 చదరపు అడుగుల కట్టడానికి అడుగుకు 1,800 చొప్పున 32,40,000 అనుకుంటే, యాభై ఏళ్ల ఆయుష్షులో పదిహేనేళ్లు గడిచాయి కాబట్టి 30 శాతం తీసేసి 22,68,000 మిగులుతుంది. 75 లక్షల్లో అది పోగా భూమికి గజానికి సుమారు 34,900 పడుతుంది. అదే వీధిలో ఖాళీ ప్లాటు ఇంతకు తక్కువకు దొరుకుతుంటే, మీరు పాత గోడలకు కొత్త గోడల ధర ఇస్తున్నట్టు.

అప్పు తీసుకుని కొనేవారు మరొక గీత గీసుకోవాలి. 50 లక్షలను 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 43,400. పై ఇంటి నికర కిరాయి నెలకు 17,000 పైచిలుకు. మధ్యలో ఉన్న 26,000 ప్రతి నెలా మీ జీతం నుంచి రావాలి, ఇల్లు ఖాళీగా ఉన్న నెలల్లో ఇంకా ఎక్కువ రావాలి. కిరాయితోనే వాయిదాలు తీరిపోతాయని చెప్పేవారిని ఈ కాగితం ముందు కూర్చోబెట్టి మాట్లాడండి.

ఇంటిని చూడటం

2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్, హనుమకొండల్లో అనేక కాలనీలు మునిగాయి. అందువల్ల ఇక్కడ ఏ ఇల్లు చూసినా ముందు చూడాల్సింది నీటి జాడ. 2024 వేసవిలో హంటర్ రోడ్డు పరిసరాల్లో ఒక ఇల్లు చూడటానికి వెళ్లాను. గోడలన్నీ లేత పచ్చరంగుతో మెరిసిపోతున్నాయి. పడకగదిలో గోడకు బిగించిన చెక్క బీరువా తలుపు తీసి చూస్తే, లోపలి పలక మీద మోకాలి ఎత్తున స్కేలు పెట్టి గీసినట్టు గోధుమరంగు గీత ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు ఉంది. తలుపు కింది బందు తుప్పు పట్టి పొరలు లేస్తుంటే పై బందు కొత్తదానిలా ఉంది. స్విచ్‌బోర్డును నాలుగడుగుల ఎత్తుకు మార్చి, పాత బోర్డు ఉన్న చోటును పుట్టీతో పూడ్చారు. నీళ్లు ఎప్పుడూ రాలేదని ఇంటివారు అన్నారు. ఎదురింటి గడప మీద కూర్చున్న పెద్దమ్మను అడిగితే, "మా గేటు మునిగింది బిడ్డా, వాళ్లింట్ల నీళ్లు మంచం మీదికి వచ్చినయ్" అని చెప్పింది. రంగు వేసిన గోడ చెప్పని సంగతిని బీరువా వెనుక పలక, తలుపు బందులు, ఎదురింటివారు చెబుతారు. వీలైతే మంచి వాన కురిసిన మర్నాడు పొద్దున ఒకసారి వెళ్లి వీధిని చూడండి.

నీటి కరువును కూడా అంతే శ్రద్ధగా చూడాలి. మే నెలలో బోరు పోస్తుందా, నల్లా ఎన్ని రోజులకు ఒకసారి వస్తుంది, సంపు ఎన్ని లీటర్లది, పై పోర్షన్‌కు వేరే ట్యాంకు ఉందా అన్నవి అడిగి, మోటార్ వేయించి కళ్లారా చూడండి. కిరాయిదారులు ఇల్లు వదిలిపోవడానికి నేను చూసిన కారణాల్లో నీళ్లదే మొదటి స్థానం.

కరెంటు మీటర్ల సంగతి ఇప్పుడు కిరాయిని నేరుగా ప్రభావితం చేస్తోంది. 2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబం నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా వస్తుంది, కిరాయికి ఉండేవారికి కూడా ఇది వర్తిస్తుంది. ఒకే మీటరు మీద రెండు కుటుంబాలు చెరి 130 యూనిట్లు వాడితే మొత్తం 260 అవుతుంది, ఇద్దరికీ ఆ ప్రయోజనం పోతుంది, పైగా కరెంటు ధర శ్లాబు పెరిగి బిల్లు భారమవుతుంది. అందుకే ఇల్లు చూడటానికి వచ్చే కుటుంబం ఈ రోజుల్లో "మీటర్ సపరేటేనా?" అని మొదటే అడుగుతోంది. పోర్షన్‌కొక మీటరు లేని ఇల్లు కొంటుంటే, కొత్త కనెక్షన్ల ఖర్చును ధరలో తగ్గించమని అడగండి.

వీటితోపాటు తూర్పు వాకిలి, పై పోర్షన్‌కు బయటి నుంచి మెట్లు, రెండు బండ్లు నిలిపే చోటు, కోతుల బెడద ఉన్న వీధుల్లో బాల్కనీకి గ్రిల్లు ఉన్నాయో లేదో చూసుకోండి.

కాగితాలు

ఈ భాగాన్ని న్యాయవాదికి అప్పగించినా, కొన్నిటిని మీరు స్వయంగా చూడాలి. కనీసం ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), వరుసగా లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత పత్రాలు), నిషేధిత ఆస్తుల జాబితాలో సర్వే నంబరు ఉందో లేదో, భవన నిర్మాణ అనుమతి, ఇంటి పన్ను ఎవరి పేరున ఉంది, బకాయిలు ఎంత, అనుమతి లేని లేఅవుట్ అయితే ఎల్ఆర్ఎస్, అంటే దాని క్రమబద్ధీకరణ, పూర్తయిందా, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం నివాస జోన్‌లో ఉందా, రోడ్డు వెడల్పులో ఎంత పోతుంది అన్నవి ముఖ్యం. భద్రకాళి, వడ్డేపల్లి చెరువుల వంటి వాటి సమీపంలో ఇల్లు చెరువు పూర్తి నీటిమట్టం హద్దుకు బయట ఉందని నీటిపారుదల శాఖ నుంచి తెలుసుకోనిదే బయానా ఇవ్వకండి. అనుమతికి మించి వేసిన అంతస్తు మీద వచ్చే కిరాయిని పైన చెప్పిన లెక్కలో కలపకండి.

కిరాయిదారును ఎంచుకోవడం

2017లో నేను చేసిన తప్పు చెబుతాను. కారులో వచ్చిన ఒక పెద్దమనిషి ఇల్లు చూసిన పది నిమిషాల్లోనే మూడు నెలల అడ్వాన్స్ నగదుగా లెక్కపెట్టి బల్ల మీద పెట్టారు. నేను ఆధార్ నకలు తప్ప ఇంకేమీ అడగలేదు. నాలుగు నెలలు కిరాయి వచ్చింది, తర్వాత ఆగిపోయింది. అడ్వాన్స్ కరిగిపోయాక మరో రెండు నెలలు గడిచి, ఒక రాత్రి ఇల్లు ఖాళీ అయింది. కరెంటు సర్వీసు నా పేరున ఉన్నందున 11,000 బకాయి నా మీద పడింది. ఆయన అంతకుముందు ఉన్న ఇంటి ఓనరును తర్వాత ఒక పెళ్లిలో కలిసినప్పుడు, అక్కడా ఇదే జరిగిందని తెలిసింది. ఒక్క ఫోన్ చేసి ఉంటే నాకు అది ముందే తెలిసేది.

బోర్డు కట్టకముందే మీ నియమాలను ఒక కాగితం మీద రాసుకోండి: కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎంత, ఆ పోర్షన్‌లో గరిష్ఠంగా ఎందరు ఉండవచ్చు, కుటుంబ ఆదాయం కిరాయికి కనీసం ఎన్ని రెట్లు ఉండాలి, ఎప్పటి నుంచి ఇస్తారు. నేను ఆదాయం కిరాయికి నాలుగు రెట్లు ఉండాలని చూస్తాను, మరీ తప్పదంటే మూడు రెట్లు. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ ఇవే నియమాలు చెప్పండి, మనిషిని బట్టి మార్చకండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కులం అడిగి, మతం చూసి, ఇంట్లో మాంసం వండుతారా అని ఆరా తీసి ఇల్లు లేదనడం మన వీధుల్లో ఇంకా జరుగుతోంది. అది మనుషులను అవమానించడం. పైగా ఆ ప్రశ్నల్లో దేనికి జవాబు విన్నా, ఐదో తారీఖున కిరాయి వస్తుందా, గోడకు మేకులు కొట్టకుండా ఉంటారా అన్నది తెలియదు. ఒంటరిగా ఉండే స్త్రీలను, భర్త లేని తల్లులను తిప్పి పంపేవారు కూడా ఉన్నారు. నా ఐదు పోర్షన్లలో అందరికన్నా ఎక్కువ కాలం, ఎనిమిదేళ్లు, ఉన్నది ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉన్న ఒక నర్సు. ఆ ఎనిమిదేళ్లలో ఆ పోర్షన్ ఒక్క నెల కూడా ఖాళీగా లేదు.

ఫోన్‌లోనే కొన్ని సంగతులు తేలిపోతాయి. ఎక్కడ పనిచేస్తారు, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు, ఎందుకు మారుతున్నారు, ఎందరు ఉంటారు, ఎప్పుడు దిగాలనుకుంటున్నారు అని మర్యాదగా అడగండి. "మా బాబు స్కూల్ దగ్గర పడాలని సార్, ఇప్పుడున్న ఇల్లు హసన్‌పర్తిల ఉంది, బస్సుకు ఇబ్బంది అయితుంది" అన్న జవాబులో విషయం ఉంది. "రేపే దిగుతాం, ఎంతైనా పర్లేదు" అన్నవారి దగ్గర ఇంకొంచెం నిదానించాలి. ఇల్లు చూడటానికి కుటుంబంతో కలిసి రమ్మనండి. నల్లా తిప్పి చూసేవారు, వంటగదిలో గాలి వస్తుందా అని కిటికీ తెరిచేవారు, చెత్త బండి ఎప్పుడు వస్తుందని అడిగేవారు అక్కడ నిజంగా కాపురం ఉండాలనుకుంటున్నారని అర్థం.

తర్వాత పత్రాలు. ఉద్యోగి అయితే గుర్తింపు కార్డు, మూడు నెలల జీతం చీటీ చూడండి. ఆటో నడిపేవారికి, టిఫిన్ సెంటర్ పెట్టుకున్నవారికి జీతం చీటీ ఉండదు, అంతమాత్రాన వారిని అనుమానించాల్సిన పని లేదు. బ్యాంకు పాస్‌బుక్, ఫోన్‌లో వచ్చే చెల్లింపులు చూపిస్తారు, నెలనెలా చిట్టీ తప్పకుండా కడుతున్న పుస్తకం నా దృష్టిలో జీతం చీటీకన్నా బలమైన సాక్ష్యం. వీలైతే వారి దుకాణానికి వెళ్లి చాయ్ తాగి రండి. ఆధార్ విషయంలో మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది. క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి పేరు, ఫొటో సరిపోల్చుకుని, నకలు మీద "కిరాయి ఒప్పందం కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయించండి. ఒకరి పత్రాలను మరొకరికి వాట్సాప్‌లో పంపకండి, ఇల్లు ఇవ్వనివారి నకళ్లను వారికే తిరిగి ఇచ్చేయండి.

పాత ఓనర్లతో మాట్లాడటం అన్నిటికన్నా ముఖ్యం. ఇప్పుడున్న ఇంటి ఓనరు, కిరాయిదారు వెళ్లిపోతే చాలనుకుంటే మంచిగానే చెప్పవచ్చు. అంతకుముందు ఉన్న ఇంటి ఓనరుకు దాచాల్సిన అవసరం ఉండదు కనుక ఇద్దరితోనూ మాట్లాడండి. "మంచివాళ్లేనా?" అని అడిగితే "మంచివాళ్లే" అన్న జవాబు తప్ప ఏమీ రాదు. కిరాయి ఎన్నో తారీఖున వచ్చేది, ఎన్నిసార్లు ఆలస్యమైంది, వెళ్లేటప్పుడు కరెంటు బిల్లు కట్టారా, అడ్వాన్స్‌లో ఎంత పట్టుకున్నారు, మళ్లీ వస్తే ఇల్లు ఇస్తారా అని అడగండి. చివరి ప్రశ్నకు జవాబు ఇచ్చే ముందు వారు ఎంతసేపు ఆగుతారో గమనించండి. ఫోన్ ఎత్తినవారు నిజంగా ఓనరేనా అన్నది తెలుసుకోవడానికి, ఆ ఇల్లు ఏ వీధిలో ఉంది, ఎన్ని గదులు అని మాటల్లో అడగవచ్చు. ఒప్పందం చిత్తు ప్రతి ఇచ్చే పని మీద వారి ప్రస్తుత ఇంటికి ఒకసారి వెళ్లి రాగలిగితే ఇంకా మంచిది.

విద్యార్థులకు ఇచ్చేటప్పుడు అందరి పేర్లూ ఒప్పందంలో రాయించి, మొత్తం కిరాయికి అందరూ ఉమ్మడిగా బాధ్యులన్న వాక్యం చేర్చండి, లేకపోతే ఒకరు వెళ్లిపోయిన నెల నుంచి ఆ వాటా ఎవరిదన్న పంచాయితీ మొదలవుతుంది. కనీసం ఇద్దరి తల్లిదండ్రులతో ఫోన్‌లో మాట్లాడండి. కుటుంబాలకన్నా ఎక్కువ కిరాయి వచ్చినా, వేసవి సెలవుల్లో ఖాళీ, త్వరగా మాసే గోడలు, ఎక్కువ నీటి వాడకం అన్నవి కలుపుకుని చూస్తే నాకు మిగిలింది కుటుంబం ఉన్న పోర్షన్ మీద మిగిలినంతే.

నిర్ణయాన్ని రెండు రోజుల్లో చెప్పండి. కాదన్నవారికి కూడా ఫోన్ చేసి చెప్పి, టోకెన్ తీసుకుని ఉంటే అదే రోజు తిరిగి ఇవ్వండి, వాళ్లు ఇంకో ఇల్లు వెతుక్కోవాలి కదా. ఎంచుకున్న కుటుంబం వివరాలను దగ్గరి పోలీసు స్టేషన్‌లో ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకుని ఉంచుకోండి.

ఒప్పందం

రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. అందువల్లనే పదకొండు నెలల ఒప్పందం వాడుకలోకి వచ్చింది. నోటరీ చేయించడం రిజిస్ట్రేషన్‌తో సమానం కాదని గుర్తుంచుకోండి. ఒప్పందంలో కిరాయి తేదీ, ఏటా పెంపు శాతం, అడ్వాన్స్ మొత్తం, దాన్ని ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, వెళ్లేముందు ఇరువైపులా ఎన్ని నెలల నోటీసు ఇవ్వాలి, రంగులకు ఎంత పట్టుకుంటారు, ఏ మరమ్మతు ఎవరిది, ఇతరులకు తిరిగి కిరాయికి ఇవ్వకూడదు అన్నవి తెలుగులో, ఇద్దరికీ అర్థమయ్యేలా రాయించి చదివి వినిపించండి. కేంద్రం 2021లో రూపొందించిన నమూనా కిరాయి చట్టం నివాస గృహాలకు అడ్వాన్స్‌ను రెండు నెలలకు పరిమితం చేసింది. రాష్ట్రం చట్టంగా తెచ్చుకుంటేనే అది వర్తిస్తుంది, అయినా నేను ఆ పరిమితినే పాటిస్తాను, ఎందుకంటే అంతకన్నా ఎక్కువ పెట్టగలిగే కుటుంబాలు తగ్గిపోయి ఇల్లు ఖాళీగా ఉండే రోజులు పెరుగుతాయి.

కిరాయిని బ్యాంకు ద్వారానో, యూపీఐ ద్వారానో తీసుకోండి. హెచ్ఆర్ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోరే ఉద్యోగి ఏడాదికి లక్ష రూపాయలకు మించి కిరాయి కడుతుంటే మీ పాన్ నంబరు అడుగుతారు, అది వారి హక్కు కనుక రసీదుతో సహా ఇవ్వండి. తాళంచెవి ఇచ్చే రోజున మీటరు రీడింగును, ప్రతి గదిని, నల్లాలను, ఫ్యాన్లను ఇద్దరూ కలిసి ఫొటోలు తీసుకుని ఒకరికొకరు పంపుకోండి.

కిరాయి ఆగినప్పుడు, ఇల్లు ఖాళీ అయినప్పుడు

కిరాయి తేదీ దాటిన మూడో రోజునే ఫోన్ చేసి కారణం అడగండి. ఆసుపత్రి ఖర్చో, జీతం ఆలస్యమో అయితే రెండు వాయిదాల్లో తీసుకోవడానికి ఒప్పుకుని, ఆ తేదీలను వాట్సాప్‌లో రాసి పంపించుకోండి. రెండో నెల కూడా రాకపోతే న్యాయవాది ద్వారా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నెలవారీ కిరాయికి, ఒప్పందంలో వేరే గడువు రాసుకోనప్పుడు, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ పదిహేను రోజుల నోటీసు చెబుతుంది. కరెంటు తీయించడం, నల్లా కట్టేయడం, సామాను బయట పెట్టి తాళం వేయడం వంటివి ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి, చట్టం దృష్టిలో తప్పు మీదవుతుంది.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు కిరాయిదారుదైపోతుందన్న భయంతో మంచి కుటుంబాలను కూడా రెండు మూడేళ్లకు ఖాళీ చేయించేవారిని చూశాను. ఓనరు అనుమతితో, కిరాయి కడుతూ ఉన్నవారికి ఆ పన్నెండేళ్ల నియమం వర్తించదు. ప్రతి పదకొండు నెలలకు ఒప్పందం తిరిగి రాసుకుంటూ, కిరాయి బ్యాంకు ద్వారా వస్తుంటే ఆ సంబంధానికి రుజువు దానంతట అదే తయారవుతుంది.

కుటుంబం ఖాళీ చేసే రోజున, దిగిన రోజు తీసిన ఫొటోలను తెరిచి ఇద్దరూ కలిసి ఇల్లు తిరిగి చూడండి. వాడుక వల్ల మాసిన గోడను, విరగ్గొట్టిన తలుపును వేరుగా లెక్కించి, చివరి మీటరు రీడింగుకు బిల్లు కట్టించుకుని, మిగిలిన అడ్వాన్స్‌ను సామాను లారీ కదిలే ముందే వారి ఖాతాలో వేయండి. ఆ తేదీని నోట్‌బుక్‌లో రాసి, కొత్త కుటుంబం దిగిన తేదీని దాని పక్కన రాయండి. రెండు మూడేళ్లకు ఆ నోట్‌బుక్‌లో మీ ఇంటికి సంబంధించిన ఖాళీ రోజుల అసలు లెక్క ఉంటుంది. అదే వీధిలో మరో ఇల్లు కొనదలచినప్పుడు, ఏడాదికి ఒక నెల అని మనం వేసుకున్న అంచనాను కొట్టేసి ఆ లెక్కను అక్కడ వేయండి.